ఒక్కతే అయితే ‘వచ్చింది’, ఇద్దరైతే ‘వచ్చారు’

మీరు అడిగింది ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యండి. మీరు హైదరాబాద్‌లో ఎమ్మే చదువుతున్నారు. సుజెట్ హేడెన్ ఎల్గిన్ రాసిన ‘నేటివ్ టంగ్’ చదివారు. అందులో ఆడవాళ్ళు మగవాళ్ళకి తెలియకుండా ఒక భాష కట్టుకుంటారు, ఆ భాషతోనే వాళ్ళ బతుకు మారుతుంది. అలాంటి సైన్స్ ఫిక్షన్ నవల మన ఊరి నేపథ్యంలో తెలుగులో రాయాలని మీ కోరిక. ఇప్పటికే నూట యాభై కొత్త పదాలు తయారు చేశారు. ఇక వ్యాకరణం ఎలా కట్టాలి, ఇలాంటి భాష నిజంగా విప్లవం తెస్తుందా అని అడిగారు.

ఆ నూట యాభై పదాల్నీ ఒక డబ్బాలో పెట్టి మూత పెట్టండి. పారెయ్యమనడం లేదు. కానీ పని అక్కడ మొదలవదు. పాతికేళ్ళు భాషాశాస్త్రం పాఠాలు చెప్పాను, ఈ నవలలో కొన్ని అధ్యాయాలు నా సరదా కొద్దీ తెలుగు చేసుకున్నాను, ఒకసారి పిల్లలతో కలిసి భాష తయారు చెయ్యబోయి బోర్లా పడ్డాను కూడా. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ముందు నవల సంగతి. అది 1984లో వచ్చింది. కథ జరిగేది ఇరవై మూడో శతాబ్దంలో. కానీ అమెరికాలో ఆడవాళ్ళ ఓటు హక్కు రద్దయిపోయినట్టు, వాళ్ళు చట్టం దృష్టిలో మైనర్లు అయిపోయినట్టు ఆమె రాసిన సంవత్సరం 1991. అంటే పుస్తకం కొన్నవాళ్ళకి ఏడేళ్ళ దూరం, అంతే. ఆ లోకంలో గ్రహాంతరవాసులతో వ్యాపారానికి దుబాసీలు కావాలి. పదమూడు భాషావేత్తల కుటుంబాలు పసిపిల్లల్ని గ్రహాంతరవాసుల పక్కన పెంచి, ఆ భాషలు ఉగ్గుపాలతో వచ్చేలా చేస్తాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు పగలంతా చర్చల్లో దుబాసీ పని చేస్తారు, తమ పేరు మీద పైసా ఉండదు. పిల్లల్ని కనే వయసు దాటినవాళ్ళని వేరే ఇంట్లో పెడతారు. భాష పుట్టేది ఆ ఇంట్లోనే. దాని పేరు లాదన్. మగవాళ్ళకి అనుమానం రాకుండా లాంగ్లిష్ అని ఒక ఉత్తుత్తి భాష పెట్టుకుని, దాని మీద ఏళ్ళ తరబడి మీటింగులు వేస్తూ ఉంటారు. మగవాళ్ళు అది చూసి నవ్వుకుంటారు. నాకు నవలలో అన్నిటికంటే నచ్చిన ఎత్తు ఇదే.

ఆ ఇంటి పేరు ఇంగ్లీషులో ‘బ్యారన్ హౌస్’. తెలుగు చేద్దామని కూర్చుంటే రెండు రోజులు కలం కదల్లేదు. ‘గొడ్రాళ్ళ ఇల్లు’ అనాలి. ఆ మాట రాయగానే పేరంటంలో పసుపు కుంకుమ పళ్ళెం ఒకావిణ్ణి దాటి పక్కకి వెళ్ళిపోవడం కనిపిస్తుంది. మగవాడికి రోజువారీ మాటల్లో దీనికి జోడీ లేదు. గయ్యాళికీ లేదు. ‘వెధవ’ మాత్రం తమాషాగా మగవాళ్ళకి చేరింది. అది ‘విధవ’ నుంచి వచ్చిందే. భర్త పోయిన ఆడదానికి పెట్టిన పేరే మగవాణ్ణి తిట్టడానికీ పనికొచ్చింది. ఈ ఒక్క పదం చరిత్ర మీ నవలలో ఒక అధ్యాయం అవుతుంది, కొత్తగా ఒక్క శబ్దం కూడా పుట్టించనక్కర్లేదు.

చివర విప్లవం ఎలా వస్తుందో గమనించారు కదా. తుపాకీ లేదు, ఊరేగింపు లేదు. లాదన్ మాట్లాడడం మొదలయ్యాక ఆడవాళ్ళు సణగడం మానేస్తారు, వాదించడం మానేస్తారు, హాయిగా ఉంటారు. మగవాళ్ళకి అది భరించరానిది అవుతుంది. పోట్లాడడానికి ఎవరూ దొరక్క, చివరికి ఆడవాళ్ళకి విడిగా ఇళ్ళు కట్టించి పంపేస్తారు. ఆడవాళ్ళకి కావలసిందీ అదే. చాలామంది దీన్ని బలహీనమైన ముగింపు అంటారు. నాకు మాత్రం ఎల్గిన్ భాషాశాస్త్రవేత్తగా నిజాయితీగా రాసిన చోటు ఇదే అనిపిస్తుంది. భాష చేసింది ఇంతే: ఇంట్లో ఒకరికొకరు ఏమవుతారో మార్చింది. చట్టం అలాగే ఉంది. రెండో, మూడో భాగాలు (1987, 1994) రాయాల్సి రావడానికి కారణం అదే అనుకుంటాను.

లాదన్ కథలో పేరు మాత్రమే కాదు. ఎల్గిన్ అమెరికా ఆదివాసుల నవహో భాష మీద పరిశోధన చేసిన మనిషి కదా, 1982లో కూర్చుని నిజంగానే భాష కట్టింది. 1985లో నిఘంటువు, వ్యాకరణం అచ్చయ్యాయి. అందులో ప్రతి వాక్యం మొదట ఒక చిన్న మాట ఉంటుంది: చెబుతున్నానా, అడుగుతున్నానా, మాట ఇస్తున్నానా, హెచ్చరిస్తున్నానా అని. దానికి తోక తగిలించి కోపంగానా, బాధతోనా, ప్రేమగానా, సరదాకా అని కూడా చెప్పవచ్చు. మన ఇళ్ళలో రోజూ వినే డైలాగు గుర్తు తెచ్చుకోండి. “ఊరికే సరదాకి అన్నానే, దానికే ఏడవాలా?” లాదన్‌లో ఆ తలుపు మూసుకుపోతుంది. సరదాకి అన్నవాడు సరదాకి అని ముందే చెప్పాలి.

వాక్యం చివర ఇంకో మాట ఉంటుంది, ఈ సంగతి నీకెలా తెలుసు అనేదానికి జవాబుగా. ‘వా’ అంటే నేను స్వయంగా చూశాను, విన్నాను. ‘వి’ అంటే అందరికీ తెలిసిందే. ‘వె’ అంటే కలలో. నమ్మకమైన మనిషి చెప్పింది అయితే ఒకటి, నమ్మకం లేని మనిషి చెప్పింది అయితే ఒకటి. ఈ రెండింటికీ అక్షరాలు ఒకటే, గొంతు మొదట పైకి లేస్తుందా, చివర లేస్తుందా అన్నదే తేడా.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను. ఎందుకంటే మనకి ‘ట’ ఉంది. “ఆ పిల్లకి సంబంధం కుదిరిందట.” ఎవరో చెప్పారు, నా బాధ్యత లేదు. అదే మాట మా పెద్దమ్మ “కుదిరిందటా...” అని సాగదీసి, కళ్ళు ఒక పక్కకి తిప్పితే? చెప్పినవాళ్ళ మీద నమ్మకం లేదని అర్థం. ‘కాబోలు’ ఉంది, ‘కదా’ ఉంది, ‘లే’ ఉంది. మీరు వ్యాకరణం కొత్తగా కట్టాలనుకుంటున్నారు, ఇంట్లో సగం కట్టి ఉంది. మీ నవలలో ఒక న్యాయస్థానం పెట్టండి. అక్కడ ‘ట’కి రెండు రూపాలు తప్పనిసరి చెయ్యండి. “ఆమే రమ్మందట” అని సాక్షి చెప్పినప్పుడు, ఏ ‘ట’ వాడావు అని అడిగే లాయరమ్మని ఊహించండి.

పదాల విషయంలోనూ ఇదే. ఎల్గిన్ నిఘంటువులో గర్భం గురించి మాటలు చాలా ఉన్నాయి. మొదటిసారి గర్భవతి కావడానికి ‘లెవిదన్’. మన తొలిచూలు. నెలలు నిండి, ఎప్పుడు దిగిపోతుందా అని చూడడానికి ‘విదఝద్’. నిండు చూలాలు అన్న మాట దాని దగ్గరికి వస్తుంది, కానీ అది చూసేవాళ్ళ మాట, మోసేదాని మాట కాదు. విసిగిపోయి గర్భంతో ఉండడానికీ అక్కడ మాట ఉంది, మనకి లేదు. మనకున్న వేవిళ్ళు, బాలింత, నీళ్ళోసుకోవడం ఇంగ్లీషులోకి ఒక్క మాటతో పోవు. ఇవి ఏ పండితుడూ పెట్టినవి కావు. ఆడవాళ్ళు మగవాళ్ళ ముందు పైకి చెప్పకుండా ఒకరికొకరు చెప్పుకోవడానికి తయారు చేసుకున్నవి. ముందు ఒక నోటు పుస్తకంలో ఇవి రాసుకోండి. రాశాక ఎక్కడ ఖాళీ కనిపిస్తుందో చూడండి. కొత్త పదం ఆ ఖాళీలోకి రావాలి.

‘రాదీదిన్’ అనేది ఎల్గిన్ పెట్టిన పదాల్లో అందరికీ తెలిసినది. పేరుకి పండగ, నిజానికి వంటా వడ్డనా చాకిరీతో భయపెట్టే రోజు, అందులోనూ చుట్టాలు బోలెడుమంది వచ్చి ఒక్కరూ చెయ్యి వెయ్యకపోతే. ఓ సంక్రాంతికి విద్యానగర్‌లో మా వీధిలో ఒక ఇంట్లో సకినాలు చుడుతున్నాం. తడిపిన బియ్యప్పిండిలో వాము, నువ్వులు కలిపి, నేల మీద పరిచిన తెల్ల గుడ్డ మీద చేత్తో చుట్లు చుట్టుకుంటూ పోవాలి. గంటయ్యేసరికి నడుం పట్టేస్తుంది. నేను నా పాండిత్యం చూపించబోయి, ఇదిగో ఇలాంటి పండక్కి అమెరికాలో ఒకావిడ పేరు పెట్టిందని చెప్పాను. అరవై దాటిన ఒకావిడ తల ఎత్తకుండా, “దానికి వేరే పేరెందుకమ్మా, దాన్నే పండగంటరు” అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను క్లాసులో చెప్పిన పాఠాలన్నిటి కంటే పెద్దది. కొత్త పదం అక్కర్లేదనలేదు ఆవిడ. ఉన్న పదం అబద్ధం చెబుతోందని పట్టుకుంది.

ఇక నా ఓటమి. ఒక కాలేజీలో వారం రోజుల వర్క్‌షాప్ పెట్టి, అమ్మాయిలతో కలిసి అరవై పదాలు తయారు చేశాం. శబ్దాలు అందంగా వచ్చేలా, సంధులు కుదిరేలా, చార్టు మీద రంగు పెన్నులతో. మూడు నెలల తర్వాత అడిగితే ఎవరికీ ఒక్కటీ గుర్తులేదు, నాకూ లేదు. కానీ టీ విరామంలో ఒక అమ్మాయి తన బావగారి గురించి చెబుతూ, “ఏం చెయ్యాలో చెప్పు, చేస్తా అంటాడు మేడం, ఇల్లు తనది కానట్టు” అంది. ఇంకో అమ్మాయి అందుకుని “వాడొక చెప్పుచేస్తా” అంది. చెప్పు అన్నచోట రెండో అర్థం కూడా తగిలి గదంతా ఘొల్లుమంది. ఆ మాట బతికింది. రెండేళ్ళ తర్వాత వేరే బ్యాచ్ నోట విన్నాను, ఎక్కడిదో వాళ్ళకి తెలియదు. చార్టు మీది అరవై పదాలకూ దీనికీ తేడా ఏమిటో మీరే చెప్పగలరు.

ఎల్గిన్‌కీ ఇదే జరిగింది. పదేళ్ళ గడువు పెట్టుకుంది: 1994 లోపు ఆడవాళ్ళు లాదన్‌ని అందుకోవాలి, లేదా ఇది బాగోలేదని ఇంకా మంచిది తయారు చెయ్యాలి. రెండూ జరగలేదు. ఈలోగా స్టార్ ట్రెక్ సినిమాల్లో యుద్ధవీరుల కోసం పుట్టిన క్లింగన్ భాష నిఘంటువుతో సహా జనంలోకి వెళ్ళిపోయింది. ప్రయోగం విఫలమైందని ఆమే ఒప్పుకుంది. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది అందుకే. చైనాలోని హునాన్‌లో నూషు అనే లిపి ఉండేది, జియాంగ్‌యోంగ్ ప్రాంతం ఆడవాళ్ళు తరాలుగా రాసుకున్నది. పెళ్ళై వెళ్ళిపోయిన స్నేహితురాలికి పంపే పుస్తకాల్లో, విసనకర్రల మీద, కుట్టుపనిలో. దాన్ని ఎవరూ వర్క్‌షాప్‌లో తయారు చెయ్యలేదు. వెళ్ళిపోయిన మనిషితో మాట్లాడాలి, అంతే.

మన వైపు మొదటి పేరు బెంగాల్ రచయిత్రి రోకియా సఖావత్ హుస్సేన్‌దే చెప్పాలి. ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసు నుంచి వచ్చే ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయింది. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ మన రాజమండ్రి ఆడపడుచు, ఈ సంగతి తెలుగువాళ్ళే మర్చిపోయారు. ఆ కథలో ఆడవాళ్ళ విశ్వవిద్యాలయాలు మబ్బుల నుంచి నీళ్ళు లాగుతాయి, ఎండ వేడిని నిలవ చేస్తాయి. యుద్ధంలో మగవాళ్ళు ఓడి వెనక్కి వచ్చాక, ఆడవాళ్ళు ఎండనే ఆయుధం చేసి శత్రువుని తరిమేస్తారు. ఆపదలో లోపలికి వెళ్ళిన మగవాళ్ళు ఇక బయటికి రారు. వాళ్ళుండే చోటు పేరు మర్దానా. రోకియా కొత్త మాట పుట్టించలేదు చూశారా. హవేలీల్లో జెనానా (ఆడవాళ్ళుండే భాగం), మర్దానా అప్పటికే ఉన్న మాటలు. మన పాతబస్తీ దేవిడీల్లోనూ ఉండేవి. మర్దానా అంటే మగవాళ్ళు దర్జాగా కూర్చునే భాగం. ఆమె గడియ బయటి వైపు పెట్టింది. మాట అదే, తాళం మారింది.

ఇప్పుడు మీరు అడిగిన వ్యాకరణం. తెలుగులో రాస్తూ దీన్ని వదిలేస్తే పాపం. “అతడు వచ్చాడు.” “ఆమె వచ్చింది.” “బస్సు వచ్చింది.” “బర్రె వచ్చింది.” ఏకవచనంలో ఆడమనిషికీ, బర్రెకీ, బస్సుకీ క్రియ ఒకటే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు అంటే స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానిది. మిగిలింది మగవాడు. తమిళంలో ఇలా లేదు, ఆడమనిషికి విడిగా ప్రత్యయం ఉంది. మన దగ్గర వింత ఏమిటంటే, బహువచనంలోకి రాగానే లెక్క మారిపోతుంది. “బస్సులు వచ్చాయి.” “వాళ్ళు వచ్చారు.” ఆ వాళ్ళు అందరూ ఆడవాళ్ళే అయినా ‘వచ్చారు’. ఒక్కతే ఉంటే బస్సు పక్కన నిలబెట్టిన వ్యాకరణం, ఇద్దరు కలిస్తే మనుషుల్లో కలిపింది. నేను మొదటిసారి క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ నుంచి చప్పట్లు వినిపించాయి. (ఆదిలాబాద్ వైపు గోండి, కొలామీ భాషల్లో బహువచనంలోనూ ఆడవాళ్ళు మగవాళ్ళ వరసలోకి రారు.)

చప్పట్లకి మురిసిపోకండి. బెంగాలీలో అతడు, ఆమె అనే తేడానే లేదు, సర్వనామం ఒకటే, క్రియ ఒకటే. ఆ భాష మాట్లాడే నేల మీదే రోకియా పరదా వెనక పెరిగింది. ఫార్సీలోనూ, టర్కీ భాషలోనూ లేదు. వ్యాకరణం సరిగా ఉంటే ఆడవాళ్ళకి న్యాయం జరుగుతుందంటే ఆ దేశాలు ఎప్పుడో బాగుపడి ఉండాలి. భాష మన ఆలోచనని ఒక వైపు నెడుతుంది, గొలుసుతో కట్టదు. విమర్శకులు మొదట అడిగేది ఇదే, జవాబు మీ కథలోనే ఉండాలి.

విప్లవంలో మాట ఎలా మారుతుందో చూడాలంటే ఈ ఊళ్ళోనే చూడండి. మన పత్రికలు ఒకప్పుడు ‘మానభంగం’ అని రాసేవి. విరిగింది ఆమె మానమట, చేసినవాడు వాక్యంలోనే లేడు. 1978లో హైదరాబాద్ పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం మీద ఊరు భగ్గుమంది, ఆ రోజుల్లోనే స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ళ సంఘం పుట్టింది. అక్కడి నుంచి సభల్లో, కరపత్రాల్లో, కథల్లో వాడి వాడి ‘అత్యాచారం’ నిలబడింది. అదీ గొప్ప పదమేం కాదు, కానీ నేరం చేసినవాడి వైపు వేలు తిప్పింది. ‘ఈవ్ టీజింగ్’ అనే వెకిలి మాట స్థానంలో ‘లైంగిక వేధింపులు’ ఆఫీసు నోటీసు బోర్డు దాకా చేరడానికి 1997 నాటి విశాఖ తీర్పు కావాల్సి వచ్చింది. (అది మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్‌లో సంస్థ పేరు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు పరీక్షలో తప్పు రాస్తారు.)

అదే స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తప్పకుండా చదవండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళు తమ మాటల్లో చెప్పిన కథలు. ఐలమ్మ గొంతు అందులో ఉంది. 1951లో పోరాటం ఆపేశాక చాలామందిని ఇళ్ళకి పొమ్మన్నారు. తుపాకీ పట్టిన చేత్తో మళ్ళీ గరిటె. ఆ దిగులుకి పేరు లేదు, వాళ్ళు చెబుతూ చెబుతూ ఆగిపోయే చోట్లు ఉంటాయి. ఎల్గిన్ వెతికిన ఖాళీ అంటే అదే. మీ నూట యాభైలో ఈ దిగులుకి పదం ఉందా? ఉంటే డబ్బా మూత తీసి అదొక్కటి బయట పెట్టండి.

కథకి చోటు అడిగారు కాబట్టి: కోఠీ రెసిడెన్సీ. తెల్ల దొర తన హైదరాబాదీ బేగం కోసం అక్కడ జెనానా కట్టించాడు, చాలా ఏళ్ళ తర్వాత వచ్చిన ఇంకో దొర దాన్ని కూలగొట్టించాడు. 1949 నుంచి ఆ ఆవరణలో ఆడపిల్లల కాలేజీ నడిచింది, ఇప్పుడు అది చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా విశ్వవిద్యాలయం. జెనానా కూలిన నేల మీద ఆడవాళ్ళ విశ్వవిద్యాలయం లేచిందంటే రోకియా కల సగం ఇక్కడే నిలబడి ఉన్నట్టు.

ఇక రహస్య భాష. హాస్టల్‌లో మీరూ మాట్లాడే ఉంటారు, క భాష. ప్రతి అక్షరం ముందు ‘క’ పెట్టి, ‘రావే’ అనాల్సినచోట ‘కరా కవే’ అని. వార్డెన్‌కి అర్థం కాదనుకుంటాం, ఆవిడా తన హాస్టల్‌లో అదే మాట్లాడి ఉంటుంది. మీ లాంగ్లిష్ అది. అందరికీ వినపడేలా దాన్ని పెట్టి, దాని వెనక అసలు మార్పు నడపండి. నేనైతే ఒకే ఒక్క నియమం పెడతాను: ఆ ప్రాంగణంలో ఏ ఆడమనిషి గురించీ ఏకవచనం వాడకూడదు. ప్రిన్సిపాల్ వచ్చారు, ఊడ్చే మల్లమ్మ వచ్చారు, మొదటి ఏడాది పిల్ల వచ్చారు. కొత్త పదం ఒక్కటీ లేదు, ఉన్న ‘రు’ మాత్రమే. మొదటి వారం నవ్వులాట. రెండో వారం మల్లమ్మ గారికి జీతం ఆలస్యమైతే ఆఫీసుకి ఏం రాయాలన్న దగ్గర చిక్కు మొదలవుతుంది. అసలు కష్టం దాని తర్వాత వస్తుంది, ఎందుకంటే మనకి ‘ఒసే’, ‘ఏమే’, ‘ఏంటే’లో తిట్టు ఎంత ఉందో ప్రేమా అంత ఉంది. ఆ నియమం ముందుగా కొట్టేది ఆ ప్రేమనే. మీ నాయిక తన ప్రాణ స్నేహితురాల్ని మొదటిసారి ‘మీరు’ అంటుంది. అవతలి పిల్ల చేతిలో పళ్ళెం పక్కన పెట్టి, “ఏంటే, నా మీద కోపమొచ్చిందా?” అంటుంది. నేను రాస్తే మొదటి పేజీ అక్కడ మొదలుపెడతాను.